అమ్మబోయే నగకు మన లెక్క
పాత నగల అమ్మకంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. డబ్బు అవసరం పడి కొన్ని నగలు అమ్ముదామనుకుంటున్నాను. 750 అని ముద్ర ఉన్న గొలుసు 24.6 గ్రాములు. అమ్మ ఇచ్చిన గాజుల జత 31.2 గ్రాములు, వాటికి ముద్ర లేదు, 22 క్యారెట్లని అమ్మ చెప్పేది. చిన్న చిన్న వజ్రాలున్న తెల్లబంగారం ఉంగరం 4.8 గ్రాములు, లోపల 585 అని ఉంది. మొదటి షాపువాళ్లు మెషీన్‌లో పెట్టి చూసి, గాజులు 22 క్యారెట్లేనన్నారు. గొలుసూ గాజులూ తీసుకుంటారట, తరుగు కింద 8 శాతం పోతుందట, ఉంగరం మాత్రం వద్దట. రెండో షాపాయన తరుగే తియ్యను, మూడూ ఇచ్చేయండి అన్నాడు. గొలుసును గీటురాయి మీద గీసి 18 క్యారెట్లన్నాడు, గాజులు కూడా అదే రకమన్నాడు. మొత్తం చూస్తే రెండో ఆయన చెప్పిందే ఎక్కువ. ఆయనకే ఇచ్చేయనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆగమ్మా, ఇచ్చేయకు. పాత బంగారం కొనే బల్లకు అవతలి వైపు కూర్చుని జీతం తీసుకున్నదాన్ని నేను. అమ్మడానికి వచ్చినవాళ్లు "మొత్తం ఎంతిస్తారు?" అని అడిగితే మాకు పండగే. మొత్తం మీద చూపు ఉన్నవాళ్లు గ్రాము దగ్గర ఏం జరుగుతోందో చూడరు.

ముందు నీ దగ్గర మేలిమి బంగారం ఎంతుందో తేల్చుకుందాం. ముద్రలోని అంకె వెయ్యి పాళ్లలో ఎన్ని పాళ్లు బంగారమో చెబుతుంది. 750 అంటే 18 క్యారెట్లు, 916 అంటే 22, 585 అంటే 14. గొలుసు 24.6ని 0.750తో గుణిస్తే 18.45 గ్రాములు. గాజులు నిజంగా 22 క్యారెట్లయితే 31.2ను 0.916తో గుణించు, 28.58 వస్తుంది. ఉంగరంలో రాళ్ల బరువు తీసెయ్యాలి. రాళ్ల దగ్గర క్యారెట్ అంటే బరువు, ఒక క్యారెట్ రాయి 0.2 గ్రాములు తూగుతుంది. నీ ఉంగరంలో రాళ్లన్నీ కలిసి అర క్యారెట్ అనుకుందాం. 0.1 గ్రాము పోగా 4.7 గ్రాముల లోహం, అందులో మేలిమి 2.75. మూడూ కలిపితే 49.78. అంటే నీ పెట్టెలో ఉన్నది దాదాపు 50 గ్రాముల మేలిమి. ఇక ఎవరు ఏ మాట చెప్పినా దాన్ని ఈ భాషలోకి మార్చుకోవాలి: ఈయన నాకు ఎన్ని గ్రాముల మేలిమికి డబ్బిస్తున్నాడు?

మొదటి షాపు గొలుసూ గాజులే అడిగింది, వాటి మేలిమి 47.03 గ్రాములు. 8 శాతం తరుగు పోతే 43.27 గ్రాములకు డబ్బిస్తున్నట్టు. నూటికి 92 పాళ్లు, పైగా ఉంగరం నీ వేలికే ఉంటుంది. రెండో ఆయన గొలుసూ గాజులూ కలిపి 55.8 గ్రాములనూ 18 క్యారెట్ల కిందే కట్టాడు, 41.85 అయింది. ఉంగరం లోహానికి సరైన లెక్కే కట్టాడనుకున్నా మొత్తం 44.60. నీ 49.78లో ఇది నూటికి 90 కూడా కాదు, ఉంగరమూ పోయింది, అందులోని వజ్రాలూ పోయాయి. తరుగు లేదన్నమాట నిజమే తల్లీ. తరుగుతో పనేముంది, గాజుల మీద 8 శాతం తరుగు ఎంతవుతుందో, అంతకు రెండింతలు వాటి దగ్గరే లాగేశాడు కదా.

ఇదంతా గాజులు 22 క్యారెట్లయితేనే. అమ్మ మాట అబద్ధమని కాదు, అమ్మకు అమ్మినవాడి మాట మనకు తెలియదు. మొదటి షాపులో మెషీన్ చూపించింది కాబట్టి సగం ధైర్యం ఉంది. మిగతా సగం ఇంట్లోనే తెచ్చుకోవచ్చు. వంటింటి కాటా పనికిరాదు, 0.01 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా కావాలి. కాస్త వెడల్పు గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చెయ్యి. గాజుల జతను సన్నటి దారానికి కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా, పూర్తిగా మునిగేలా వేలాడదీసి పట్టుకో. గాలి బుడగలుంటే దులుపు. కాటా చూపించే అంకె గాజులు పక్కకు నెట్టిన నీళ్ల బరువు. 31.2ను ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. కాటా 1.76 దగ్గర ఆగితే సాంద్రత 17.7, అది 22 క్యారెట్లకు సరిపోయే అంకె. 18 క్యారెట్లయితే కలిపిన లోహాన్ని బట్టి సాంద్రత 15కూ 16కూ మధ్య ఉంటుంది, కాటా 2 గ్రాముల దగ్గర నిలుస్తుంది. ఇది గట్టి గాజులకు మాత్రమే. లోపల డొల్లగా ఉన్నా, లక్క నింపి ఉన్నా అంకె తప్పుతుంది, అప్పుడు గాభరా పడకు. టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రత 19.25, మేలిమి బంగారానిది 19.3. కాబట్టి ఈ పరీక్ష టంగ్‌స్టన్ కలిపిన బంగారు బిస్కెట్ల దగ్గర మోసపోతుంది. టంగ్‌స్టన్ గట్టిగా, పెళుసుగా ఉంటుంది, దాన్ని వంచి గాజు చెయ్యడం అంత తేలిక కాదులే.

ఇక ధర. ప్రపంచ మార్కెట్‌లో బంగారం ధర ట్రాయ్ ఔన్సుకు చెబుతారు, అది 31.1035 గ్రాములు. మామూలు ఔన్సు అనుకుని 28.35తో భాగించేవాళ్లున్నారు. వాళ్లకు గ్రాము ధర దాదాపు పది శాతం ఎక్కువ కనిపిస్తుంది, షాపులో చెప్పిన ఏ ధరైనా దోపిడీలా అనిపిస్తుంది. షాపు బోర్డు మీది ధర వాళ్లు అమ్మే ధర. కొనే ధర వేరుగా అడగాలి, అది ఎన్ని క్యారెట్లకో కూడా అడగాలి. 22 క్యారెట్ల ధర చెప్పి 18 క్యారెట్ల నగకు మళ్లీ 0.750 పెట్టేస్తే ఒకే కోత రెండుసార్లు పడినట్టు. నువ్వు నగ కొన్నప్పుడు కట్టిన మజూరీ, పన్ను తిరిగి రావు. వాటి కోసం వాదించకు, వాదించాల్సినవి వేరే ఉన్నాయి.

ఆ 8 శాతం తరుగు, ఉదాహరణకు. శుభ్రంగా ఉన్న గట్టి గొలుసు కరిగిస్తే 8 శాతం ఆవిరైపోదు. మురికి, టంకంలోని తక్కువరకం లోహం కాస్త పోతాయి, మిగిలింది ఆయన లాభం. లాభం తీసుకోవడం తప్పు కాదు, దానికి తరుగు అని పేరు పెట్టడమే నాకు నచ్చదు. "5 చేయండి, ఇప్పుడే ఇచ్చేస్తాను" అను. నా మటుకు నేను మేలిమి విలువలో 90 పాళ్లు దాటితే మర్యాదైన బేరం అంటాను. 85 కిందికి దిగితే టీ తెప్పించినా లేచి రావాల్సిందే.

కరిగించే మాట వస్తే ఒక్క విషయం గట్టిగా పట్టుకో. ధర, కోత, రాళ్లు ఎవరికి అనేవి మూడూ కాగితం మీద రాయించాకే నగ మూసలోకి వెళ్లాలి. కరిగాక బేరం ఉండదు. నీ చేతిలో గొలుసు ఉన్నప్పుడు నువ్వు ఇంకో షాపుకు వెళ్లగలవు. ముద్ద మిగిలితే అది ఎవరి గొలుసో, ఎన్ని క్యారెట్లదో మళ్లీ మొదటినుంచి రుజువు చేసుకోవాలి. వజ్రాలు పీకించితే నీ ఎదుటే పీకించి, పొట్లం కట్టించి తెచ్చుకో. "చిన్నరాళ్లే కదా" అంటారు. చిన్నవైతే వాళ్లకెందుకట?

అన్నీ ఒకేచోట అమ్మాలనేమీ లేదు. మొదటి షాపుకు గొలుసూ గాజులూ ఇవ్వు. ఉంగరం సంగతి కింది ఉత్తరంలో చూడు.

ప్రశ్న: సర్టిఫికెట్ ఉన్న 0.97 క్యారెట్ వజ్రపు ఉంగరం కొన్నాను మేడమ్. ఇప్పుడు అమ్మబోతే కొన్న ధరలో మూడో వంతు కూడా చెప్పడం లేదు. సర్టిఫికెట్ చూపించినా అంతేనా?
– ఒక పాఠకుడు

జవాబు: అంతే బాబూ, వినడానికి బాధగానే ఉంటుంది. సర్టిఫికెట్ రాయి ఏమిటో చెబుతుంది. ధర చెప్పదు, అందులో ధర గడే ఉండదు. బంగారానికి ఉన్నట్టు వజ్రానికి గ్రాముకు ఇంత అనే ఒకే ధర లేదు. వ్యాపారుల మధ్య 1978 నుంచి రాపాపోర్ట్ ధరల పట్టిక నడుస్తోంది, అందులోవి అడిగే ధరలే. దానికి ఇంత శాతం తక్కువ అని చెప్పుకుని బేరాలు చేస్తారు. నీ రాయిని కొనే వ్యాపారికి అలాంటిదే టోకు ధరకు, చాలాసార్లు అరువు మీద దొరుకుతుంది. నీకు మాత్రం నగదు ఇవ్వాలి, కొనేవాడు వచ్చేదాకా పెట్టుకు కూర్చోవాలి. అందుకే ఆ టోకు ధర కంటే కిందనే మొదలుపెడతాడు.

ఇంకో చిక్కు 0.97. ఒక క్యారెట్ గీత దాటిన రాయికి క్యారెట్ ధర ఒక మెట్టు పైకి లేస్తుంది. నీది గీతకు ఇటుపక్క ఉంది. కంటికి తేడా తెలియదు, పట్టికకు తెలుస్తుంది. రిపోర్టులో "ప్రయోగశాలలో పెంచినది" అని ఉందేమో కూడా చూసుకో. ఉంటే ఆశ ఇంకా తగ్గించుకోవాలి, వాటి ధరలు కొన్నేళ్లుగా దిగుతూనే ఉన్నాయి.

దీన్ని ముక్కలుగా చూసే వ్యాపారికి కాక, ఉంగరంగా పెట్టుకునే మనిషికి అమ్మడం మేలు. తెలిసినవాళ్లలో అడుగు, లేదా అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే షాపులో పెట్టు. నెలలు పట్టవచ్చు. కొత్త ఉంగరం ధరకూ వ్యాపారి చెప్పిన ధరకూ మధ్యలో ఎక్కడైనా తెగితే ఇద్దరూ బాగుపడ్డట్టే. చాలా రాళ్ల నడుము అంచు మీద రిపోర్టు నంబరు లేజర్‌తో చెక్కి ఉంటుంది. పది రెట్లు పెద్దగా చూపించే లూప్‌తో అది సరిపోతోందో లేదో నువ్వే చూడు, రాయిని ఎవరి చేతికిచ్చినా తిరిగి తీసుకునేటప్పుడు మళ్లీ చూడు. వేడిని కొలిచే పెన్ను లాంటి టెస్టర్ మోగితే వజ్రమేనని మురిసిపోవద్దు, వజ్రంలా కనిపించే మొయిసనైట్ అనే రాయికి కూడా అది మోగుతుంది.

ప్రశ్న: నా గొలుసు మీద 916 ముద్ర ఉంది. ఒక షాపు మెషీన్‌లో 91.4 చూపించింది, ఇంకోచోట 87 వచ్చింది. ఏది నమ్మాలి? టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: రెండూ నిజమే అయి ఉండవచ్చు. వాళ్లు ఎక్కడ పెట్టి చూశారో అడిగారా? ఆ ఎక్స్‌రే మెషీన్ నగ లోపలికి చూడదు. పైన వెంట్రుక మందం కంటే పలచటి పొరను చదివి అంకె చెబుతుంది. కొక్కెం దగ్గర, అతుకు దగ్గర పెడితే టంకం కలిసి తక్కువ చూపిస్తుంది. పూత వేసిన నగ ఎక్కువ చూపిస్తుంది. ఆమ్లంలో మరిగించి మెరుగుపెట్టిన నగకు పై పొరలో రాగీ వెండీ కరిగిపోయి, లోపలికంటే పైన బంగారం ఎక్కువగా ఉంటుంది.

కాబట్టి కొక్కెం దగ్గర ఒకటి, నడుమ కడియల దగ్గర ఒకటి, బాగా అరిగిన చోట ఒకటి చూపించమనండి. అరిగిన చోట అంకెకు నేను ఎక్కువ విలువిస్తాను. బరువైన నగ అయి, తేడా తేలకపోతే కాల్చి తీసే పరీక్ష చేయించండి. చిన్న తునకను సీసంతో కలిపి ప్రత్యేకమైన గిన్నెలో వేడిచేస్తారు. రాగిలాంటి లోహాలు సీసంతోపాటు గిన్నెలోకి ఇంకిపోతాయి, మిగిలిన పూసలోంచి వెండిని నత్రికామ్లంతో తీసేసి ఉత్త బంగారాన్ని తూస్తారు. దీని తరవాత వాదన మిగలదు. చిన్న గొలుసుకు మాత్రం ఆ ఖర్చు దండగ.

ప్రశ్న: మా అత్తగారి చేతి గొలుసు 40 గ్రాములుంది. లోపల 1/20 12కె జీఎఫ్ అని ఉంది. 12 క్యారెట్లంటే సగం బంగారమే కదా, 20 గ్రాములు లెక్కపెట్టుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. జీఎఫ్ అంటే పైన బంగారు రేకు అంటించిన నగ. మొత్తం బరువులో ఇరవయ్యో వంతు మాత్రమే ఆ రేకు, ఆ రేకులో సగం బంగారం. 40లో ఇరవయ్యో వంతు 2 గ్రాములు, అందులో సగం 1 గ్రాము. అది కూడా కొత్తలో, అరగకముందు. జీపీ అని ఉంటే ఉత్త పూత, దానికి కాటా ఎక్కించే పని కూడా లేదు. అత్తగారి గుర్తుగా మీరే పెట్టుకోండి.

ప్రశ్న: నాయనమ్మ నెక్లెస్ వెనక చిన్న అక్షరాల్లో ఏదో పేరు చెక్కి ఉంది, పక్కన నంబరు. రాళ్లు ఇప్పటి వజ్రాల్లా తళతళలాడవు. షాపాయన "పాత మోడల్, కరిగించాల్సిందే" అన్నాడు. నిజమేనా?

జవాబు: కరిగించమన్నవాడికి అసలు చూపించకండి. చేసినవాళ్ల పేరూ నంబరూ ఉన్న నగను లోహం ధరకు అమ్మితే, ఆ పేరుకు రావలసిన డబ్బు ఇంకొకరి జేబులో పడుతుంది. నేను కూర్చున్న బల్ల మీదికే ఇలాంటివి వచ్చేవి. మా షాపువాళ్లు కరిగించకుండా పక్కన పెట్టి, ఆ నగ తెలిసినవాళ్లకు అమ్ముకునేవారు. ఉద్యోగంలో ఉండగా నోరు విప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

తళతళలాడకపోవడం లోపం కాదు. పాతకాలపు రాళ్లు చేత్తో చెక్కినవి, పైభాగం ఎత్తుగా, అడుగు కొన తెగినట్టుగా ఉంటాయి. కావాలని వెతుక్కునేవాళ్లున్నారు. మళ్లీ కోయించకండి, మెరుగుపెట్టించకండి. వెనక ముద్ర స్పష్టంగా కనిపించేలా పగటి వెలుతురులో ఫోటోలు తీసి, పాత నగలు వేలం వేసే సంస్థలు కనీసం రెండింటికి పంపండి. ఫోటో చూసి అంచనా చెప్పడానికి చాలాచోట్ల డబ్బు తీసుకోరు. అంచనా బాగుందని వెంటనే ఒప్పుకోకండి, కాగితంలో కొన్ని విషయాలు వెతకండి: అమ్మేవారి నుంచి కమీషన్ ఎంత, ఫోటోలకూ బీమాకూ వేరే కోత ఉందా, అమ్ముడుపోకపోతే మీరేమైనా కట్టాలా. ఇంతకంటే తక్కువకు అమ్మకూడదనే కనీస ధర రాయించుకోండి. అది లేని వేలంలో పాట పాడేవాళ్లు తక్కువగా వచ్చిన రోజున మీ నెక్లెస్ నిజంగానే లోహం ధరకు పోతుంది.

బీమా కోసం చేయించిన పాత వాల్యుయేషన్ కాగితం ఉంటే దాన్ని చూసి ఆశ పెట్టుకోకండి. పోయిన నగ స్థానంలో కొత్తది కొనడానికి ఎంతవుతుందో అది చెబుతుంది, అమ్మితే ఎంతొస్తుందో కాదు.

ప్రశ్న: అమ్మే ముందు నగలకు మెరుగు పెట్టించాలా?

జవాబు: కరిగేదానికి మెరుగెందుకు, ఖర్చు తప్ప? మెరుగుపెడితే లోహం కూడా కాస్త అరుగుతుంది. గోరువెచ్చటి నీళ్లలో కొంచెం సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో రుద్ది ఆరబెట్టండి, చాలు. ముత్యాలు, పచ్చలు ఉంటే నానబెట్టవద్దు, తడిబట్టతో తుడవండి. ఊడిపోయిన కొక్కెం, తెగిన ముక్క, ఒంటి కమ్మ పారేయకండి. తెగిన గొలుసుకూ తెగనిదానికీ గ్రాము ధర ఒక్కటే.

ప్రశ్న: నగలు పోస్టులో పంపితే తూచి డబ్బు పంపిస్తామని ప్రకటన చూశాను. షాపుకు వెళ్లాలంటే మొహమాటం. పంపవచ్చా?

జవాబు: మొహమాటానికి ఎంత ఖర్చవుతుందో ముందు లెక్కేసుకోమ్మా. కాటా నీ కళ్లెదుట ఉండదు, బేరం నచ్చకపోతే లేచి వచ్చే వీలూ ఉండదు. అయినా పంపాలనే ఉంటే, వాళ్ల ధర నచ్చకపోతే నగను ఎన్నాళ్లలో, ఎవరి ఖర్చుతో తిరిగి పంపుతారో రాతపూర్వకంగా తెప్పించుకో. కొంతమంది గడువు పెడతారు, ఆ లోపు జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ వాక్యం ఎక్కడుందో వెతుకు. దారిలో పోతే వాళ్ల బీమా ఎంతవరకు ఇస్తుందో చూడు. ఆ మొత్తం నీ మేలిమి లెక్క కంటే తక్కువైతే ఒకే పెట్టెలో పంపకు. ప్రతి నగనూ కాటా మీద ఉంచి, అంకె కనిపించేలా ఫోటో తియ్యి. పెట్టెకు సీలు వేసేదాకా వీడియో ఆపకు.

షాపుకే వెళ్తే ఎవరినైనా వెంట తీసుకెళ్లు. ఎవరూ లేకపోతే ఒక నాణెం తీసుకెళ్లు. నాణేల బరువు అచ్చువేసినవాళ్లే ప్రకటిస్తారు కాబట్టి, నగకంటే ముందు దాన్ని వాళ్ల కాటా మీద పెట్టమను. ఆ పని మొహమాటం లేకుండా చేసినవాళ్లతో మేం మర్యాదగా మాట్లాడేవాళ్లం.